ప్లాస్టిక్ సర్జరీ మ్యాచ్‌లో సీటు తెచ్చేవి

అమెరికాలో ప్లాస్టిక్ సర్జరీ శిక్షణకు రెండు దారులున్నాయి. వైద్య విద్య ముగియగానే చేరే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ రెసిడెన్సీ ఒకటి. జనరల్ సర్జరీ వంటి మరో విభాగంలో పూర్తి శిక్షణ పొందాక మూడేళ్లు చేసే ఇండిపెండెంట్ మార్గం రెండోది. ఇంటిగ్రేటెడ్ సీట్లు దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 200 మాత్రమే. వాటిని నేషనల్ రెసిడెంట్ మ్యాచింగ్ ప్రోగ్రామ్ భర్తీ చేస్తుంది. అభ్యర్థులు తాము కోరే ఆస్పత్రులను, ఆస్పత్రులు తాము కోరే అభ్యర్థులను వరుసక్రమంలో రాసి ఇస్తే కంప్యూటర్ జత కలుపుతుంది. ఎవరికి ఎక్కడ సీటు వచ్చిందో మార్చి మూడో శుక్రవారం తెలుస్తుంది.

నీట్ కౌన్సెలింగ్‌కు అలవాటుపడిన తెలుగు విద్యార్థికి ఈ పద్ధతి కొత్తగా తోస్తుంది. ఇక్కడ ర్యాంకు సీటును తేలుస్తుంది. అక్కడ ఏ ఒక్క పరీక్షా తేల్చదు. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష అయిన యుఎస్ఎమ్ఎల్ఈ స్టెప్ 1లో 2022 జనవరి చివరి నుంచి మార్కులు లేవు, ఉత్తీర్ణతా కాదా అన్నదే ఉంది. అంకెల్లో స్కోరు మిగిలింది స్టెప్ 2 సీకేకు. అది బాగుంటే దరఖాస్తు తెరిచి చదువుతారు. ఆ తరువాత అభ్యర్థిని నిలబెట్టేది, అతని పనిని దగ్గర నుంచి చూసినవారి నమ్మకం. ఎంపిక చేసే సర్జన్లు ఆరేళ్లపాటు ఆపరేషన్ థియేటర్‌లో తమ పక్కన నిలబడే మనిషిని వెతుకుతుంటారు.

ఆ నమ్మకం ఏర్పడే ముఖ్యమైన చోటు సబ్‌ఇంటర్న్‌షిప్. చివరి సంవత్సరం విద్యార్థి తన కళాశాలలోనూ, బయటి ఆస్పత్రుల్లోనూ నెల చొప్పున ప్లాస్టిక్ సర్జరీ బృందంతో పనిచేస్తాడు. తెల్లవారకముందే రౌండ్లు మొదలవుతాయి. రొమ్ము క్యాన్సర్ రోగికి పొట్ట దిగువ నుంచి చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తీసి ఛాతీ మీద అమర్చే ఆపరేషన్ జరిగిందనుకుంటే, కొన్ని మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద కుట్టడంతో పని అయిపోదు. మొదటి ఒకటి రెండు రోజులు ఫ్లాప్ అనే ఆ అమర్చిన కణజాలం రంగు, వెచ్చదనం, నొక్కితే రక్తం తిరిగి చేరే వేగం, డాప్లర్ శబ్దం తరచుగా పరిశీలించాలి. సిరలో గడ్డ కట్టితే ఫ్లాప్ ఉబ్బి నీలంగా మారుతుంది. వెంటనే రోగిని తిరిగి థియేటర్‌కు తీసుకెళితే దాన్ని కాపాడే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే చేజారుతుంది. ఇలాంటి వార్డులో విద్యార్థి తాను చూసినదాన్ని చూసినట్టు చెబుతాడా, తెలియనిది తెలియదంటాడా, డ్రెస్సింగ్ సామాను ముందే సిద్ధం చేస్తాడా, నర్సులతో మర్యాదగా మాట్లాడతాడా అన్నవి రెసిడెంట్ల కంట పడుతూనే ఉంటాయి. నెలాఖరుకు ఒక అభిప్రాయం స్థిరపడుతుంది. తరువాతి ఇంటర్వ్యూలో ఎంత చక్కగా మాట్లాడినా దాన్ని చెరపడం కష్టం.

సిఫారసు లేఖల బలమూ అక్కడిదే. ప్లాస్టిక్ సర్జరీ చిన్న విభాగం. విభాగాధిపతులు చాలామంది ఒకరికొకరు తెలిసినవారే. పేరున్న సర్జన్ రాసిన పొడిపొడి ప్రశంస కంటే, ఫలానా కేసులో ఈ విద్యార్థి ఏం చేశాడో చెప్పగల గురువు లేఖ ఎక్కువ పని చేస్తుంది. అందుకే గురువును మూడో ఏడాదిలోపే వెతుక్కోవడం మేలు.

పరిశోధన విషయంలో పోటీ చాలా పెరిగింది. 2022 నాటి మ్యాచ్ గణాంకాల ప్రకారం సీటు పొందిన అమెరికన్ ఎండీ విద్యార్థులు దరఖాస్తులో చూపిన పరిశోధన అంశాల సగటు దాదాపు 28. ఆ అంకె చూసి బెదరనక్కరలేదు. పత్రాలు, పోస్టర్లు, సదస్సుల్లో చేసిన ప్రసంగాలు అన్నీ కలిపిన లెక్క అది. ఒకే అధ్యయనం మూడు రూపాల్లో మూడుసార్లు చేరవచ్చు. ఇంటర్వ్యూలో జాబితాలోని ఏ పత్రం గురించైనా అడగవచ్చు. పేరు మాత్రమే కలిపించుకున్నవాడు పద్ధతి, లోపాలు అడిగేసరికి తడబడతాడు. ఒక ప్రశ్న తీసుకుని చివరిదాకా నడిపిన అనుభవం అక్కడ ఆదుకుంటుంది.

దరఖాస్తుతో పాటు కొన్ని ఆస్పత్రులకు మాత్రమే ప్రత్యేక ఆసక్తిని తెలిపే సిగ్నల్ పంపవచ్చు. వాటిని పరిచయం లేని పెద్ద పేర్ల మీద ఖర్చు చేయడం తెలివైన పని కాదు.

ర్యాంకు జాబితా దగ్గర చాలామంది అనవసరంగా భయపడతారు. ఆల్విన్ రాత్, ఎలియట్ పెరాన్సన్ రూపొందించిన గణన పద్ధతి 1998 నుంచి అమల్లో ఉంది. ఇటువంటి పంపిణీల మీద కృషికే రాత్ 2012లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. కంప్యూటర్ అభ్యర్థి మొదటి కోరికతో మొదలుపెడుతుంది. అక్కడ చోటు దొరికితే అది తాత్కాలికమే. ఆస్పత్రి మరింత కోరుకున్నవారు వస్తే అతను తన రెండో కోరికకు వెళతాడు. అక్కడ అప్పటికే ఇతరులు చేరి ఉన్నా, ఆస్పత్రి జాబితాలో తన స్థానం వారికంటే పైనుంటే చోటు తనదే. కాబట్టి దొరకదేమోనన్న సీటును మొదట రాసినందుకు కింది అవకాశం ఏమాత్రం తగ్గదు. మనసులోని క్రమాన్నే రాయాలి. ఒకసారి జత కలిసిందంటే ఇద్దరూ కట్టుబడాల్సిందే.

ఎంబీబీఎస్ పట్టా అందుకుని అటు చూసేవారికి అదనపు అడ్డంకులున్నాయి. విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతను పరిశీలించే ఈసీఎఫ్‌ఎమ్‌జీ ధ్రువీకరణ తప్పనిసరి. సందర్శక విద్యార్థిగా చేసే సబ్‌ఇంటర్న్‌షిప్ పట్టా చేతికొచ్చాక చాలావరకు అందదు. వారికి మిగిలే మార్గం, ఒక ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో ఏడాది రెండేళ్ల పరిశోధన ఫెలోషిప్. కొన్నిటికి జీతం ఉండదు కనుక ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. ఇంటిగ్రేటెడ్ సీట్లలో విదేశీ పట్టభద్రులకు దక్కేవి చాలా కొద్ది. స్వదేశంలో ఎమ్మెస్ జనరల్ సర్జరీ తరువాత మూడేళ్ల ఎంసీహెచ్, ఎంబీబీఎస్ నుంచి నేరుగా ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ ఉన్నాయి. వాటినీ సమానంగా తూచి చూడడం వివేకం.

అమెరికాలోనే తొలి ప్రయత్నం ఫలించనివారిలో కొందరు పరిశోధన చేసి మళ్లీ దరఖాస్తు చేస్తారు. మరికొందరు జనరల్ సర్జరీలో చేరి, అది పూర్తయ్యాక ఇండిపెండెంట్ సీటుకు పోటీపడతారు. ఏ దారిన వచ్చినా చివరకు రాసేది అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ పరీక్షే, పొందేది అదే ధ్రువపత్రం.