పలుకు కట్టిన పాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కాబట్టి వీడు యంత్రాల గురించే చెప్తాడని మీరనుకొని ఉంటారు. నేను పాట గురించి మాట్లాడతాను. మన జిల్లా గడ్డ మీద పుట్టి, పదేళ్లకు పైగా తెలంగాణనంతా ఊపిన ఒక కళాకారుల బృందం గురించి చెప్తాను. దాని పేరు ధూంధాం. 2002లో కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగింది. ఇప్పుడు కామారెడ్డి వేరే జిల్లా, కానీ 2016 దాకా మన నిజామాబాద్ జిల్లాలోనిదే. రసమయి బాలకిషన్ ముందుండి నడిపించారు. ఎందరో కళాకారులు వెంట నడిచారు.

అసలు ధూంధాంలో కొత్తేముంది? డప్పు పాతదే. ఒగ్గు డోలు, బతుకమ్మ పాట, కోలాటం, గొల్లసుద్దులు అన్నీ పాతవే. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు కూడా కొత్త కాదు. 1972లో బి. నర్సింగరావు, గద్దర్ వంటివారు మొదలుపెట్టిన జననాట్యమండలి ఊళ్లలోని బాణీలనే తీసుకొని కొత్త మాటలు కట్టి పాడింది. 1969 ఉద్యమం నాటి పాటలూ జనం నోళ్లలో ఉన్నాయి. మరి 2002లో కొత్తగా జరిగిందేమిటి?

బోధన్ పక్క పెరిగినవాణ్ని కాబట్టి చక్కెర భాషలో చెప్తాను. గానుగలో రసం తీసి, శుద్ధి చేసి, కాచి చిక్కబరుస్తారు. ఆ పాకం సరిగ్గా పలుకు కట్టాలంటే ఊరికే వదిలేస్తే కాదు. పాన్‌లో పాకం తగినంత చిక్కబడ్డ సమయం చూసి, మెత్తగా నూరిన చక్కెర కొద్దిగా వేస్తారు. దాన్నే సీడ్ అంటారు. ఆ చిన్న గింజల చుట్టూ పాకంలోని తీపి అంతా చేరుతుంది. తొందరపడి వేస్తే కరిగిపోతుంది, ఆలస్యమైతే పాకం తన ఇష్టమొచ్చినట్టు గట్టిపడుతుంది. కామారెడ్డి అలాంటి సీడ్. పాకం అప్పటికే చిక్కగా ఉంది. వేయాల్సిన సమయంలో వేశారు, అంతే.

ఇంకో సంగతి గమనించండి. ధూంధాంలో అన్నీ కలిసినా ఏదీ కరిగిపోలేదు. ఒగ్గు ఒగ్గులాగే ఉంది, బతుకమ్మ బతుకమ్మలాగే ఉంది. పాట, దాని వెనుక రెండు ముచ్చట్లు, ఆ వెనుక ఆట, నడుమ నవ్వులాట, మళ్లీ పాట. ఆ పేరు కూడా ఉర్దూ మాటే. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే బజారులో వినిపించే మనకు ఈ కలయిక కొత్త కాదు. వేర్వేరు పార్టీలవాళ్లు ఒకే వేదిక కింద కూర్చున్నారు. ఊరి పిల్లలు చందాలు పోగుచేసి స్టేజీ వేసేవాళ్లు. కళాకారులకు ఏదో ఒక ఇంట్లో బువ్వ దొరికేది. స్వతంత్ర బృందం అంటే నా లెక్కలో ఇదే. దానికి అన్నం పెట్టింది వినేవాళ్లు.

ఇక మనసుకు కష్టమైన మాట. ధూంధాం మొదలైన 2002లోనే మన నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో చక్కెర తీయడం మొదలుపెట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరుబడ్డ ఫ్యాక్టరీ అది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. పాట గెలిచిన ఏడాదిన్నరకే మన చిమ్నీ పొగ ఆగింది.

అదే కాలంలో ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. ఏళ్ల తరబడి అరకడుపుతో ఆడిపాడినవాళ్ల ఇంటికి జీతం వచ్చిందంటే నేను సంతోషిస్తాను. నేను నెలనెలా జీతం తీసుకుంటూ వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. జీతమిచ్చేవాళ్ల పథకాల మీద పాట కట్టడం ఉద్యోగం. మూతపడ్డ గేటు ముందు నిలబడి పాడటం ఎవరి పని? ఆ పాటకు అన్నం పెట్టాల్సింది ఎవరు?

మనమే అని నా జవాబు. దారి లేదని అనుకోకండి. హైదరాబాద్‌లో చౌరస్తా అనే బ్యాండు ఉంది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల వంటి కుర్రాళ్లు మన జానపదాన్ని జమైకాలో పుట్టిన రెగే లయతో కలిపారు. సినిమా కోసం ఎదురుచూడకుండా సొంత పాటలు చేసి నేరుగా వినేవాళ్లకు ఇచ్చారు. 2020లో కరోనా మీద వాళ్లు చేసిన పాట మీలో చాలామంది ఫోన్లలో మోగింది. రామ్ తర్వాత సినిమాల్లోనూ పాడాడు. ధూంధాంకు ఊరి చందా ఆధారమైతే, ఈ తరానికి ఫోను పట్టుకొని వినేవాళ్లు ఆధారం. దారులు వేరు, సూత్రం ఒకటే.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో గేటుకు, రంగులకు పోగా కొంత పక్కన పెడదాం. మన పిల్లలతో చుట్టుపక్కల ఊళ్లలో బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, చెరుకు కొట్టేవాళ్ల పాటలు, శక్కర్‌నగర్ క్వార్టర్లలో బతికిన కార్మికుల ముచ్చట్లు రికార్డు చేయిద్దాం. మరాఠీలో ఉన్నా, ఉర్దూలో ఉన్నా వదలొద్దు. ఏడాదికోసారి ఈ మైదానంలో వాళ్లకే మైకు ఇద్దాం. ఏం పాడాలో మనం చెప్పొద్దు. మనల్ని తిట్టే పాటైనా సరే, విని బువ్వ పెట్టి పంపుదాం. మొదటి ఏడాది ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. మిగతా సగానికి మా బ్యాచ్ వాళ్ల వైపు చూస్తున్నాను. వాళ్లు ఇక్కడే, మూడో వరుసలో ఉన్నారు.

సెలవు.