వేటవిల్లు మన పిల్లలకు సరిపోతుందా?



అమెరికాలో స్థిరపడిన మన మిత్రులు సీతాఫల్‌మండి పిల్లల కోసం కాంపౌండ్ వేటవిల్లు పంపిస్తామన్నారు. మంచి మనసే. తీసుకునే ముందు దాన్నెలా పరీక్షించాలో చెబుతాను.

ఈ విల్లు కొనలకు బావి గిలకల్లాంటివి ఉంటాయి. నారి పూర్తిగా లాగాక చేతిమీది బరువు సగానికి పైగా తగ్గిపోతుంది. 1966లో మిస్సోరీకి చెందిన హాలెస్ అలెన్ దీనికి పేటెంట్ కోరాడు.

గురి తేల్చడానికి ఒక్క బాణం చాలదు. ఆరు వేయండి. అన్నీ ఒక్కచోటే గుచ్చుకుంటే, అది నడిమికి దూరమైనా సరే, విల్లు బాగున్నట్టే. సైట్ జరిపితే చాలు. చెదిరితే లోపం విల్లుదా, బాణానిదా, చేతిదా అని వెతకాలి.

ఇక చేతికి ఎలా ఉందన్నది. నాకు అసలు సంగతి ఇదే. బరువు మెల్లగా ఎక్కి దిగాలి, చివర గోడకు ఆనినట్టు ఆగాలి, వదిలాక పిడి అదరకూడదు. ఆ ఆగే చోటు లాగేవారి చేతి పొడవుకు సరిపోవాలి. పెద్దల కొలతకు బిగించిన విల్లు ఏడో తరగతి పిల్లకిస్తే భుజం దెబ్బతింటుంది. సరదాకి బాణం లేకుండా నారి వదిలారా, విల్లే విరగొచ్చు.

పైగా వేటవిల్లును అడవిలో మోయడానికి పొట్టిగా చేస్తారు. పోటీ విల్లు పొడుగ్గా, నిలకడగా ఉంటుంది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో 50 మీటర్ల నుంచి 150కి 149 కొట్టింది పోటీ విల్లుతోనే.

అందుకే ఆ మిత్రులకు నా విన్నపం: వేటవిల్లు వద్దు. కొలత, బరువు మార్చుకోగల శిక్షణ విల్లు ఒకటి పంపండి. మిగిలిన డబ్బు కోచ్ జీతానికివ్వండి.