తడి రాశిలో చేయి





గుంటూరు మిర్చి యార్డుకు సరుకు వచ్చే కాలమిది. కనుక వ్యాపారంలో నిజాయితీని గురించి టిక్కీ, కాటా, తక్‌పట్టీల భాషలోనే మాట్లాడదలచాను.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు ధాన్యపు రాశి పక్కగా వెళుతూ ఆగి, అందులోనికి చేయి పెట్టారు. అడుగున తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే జనానికి కనబడేలా ఆ తడి సరుకును పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తన వాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ సంఘటనను మన ప్రాంతంలో విడమరచి చెప్పనక్కరలేదు. ఎండుకాయ విరగకుండా కొద్దిగా పదును చేయటం వేరు, తూకం పెరగాలని నీళ్లు కొట్టటం వేరు. రెండవది బూజుకు దారితీస్తుంది. బూజు నుండి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. మధ్యలో తాలుకాయ కూర్చి, పైన తేజా కాయ పేర్చిన బస్తా కూడా ఆ రాశి వంటిదే.

అయితే రైతునొక్కడినే నిలదీసి ఊరుకోవటం న్యాయం కాదు. ఖుర్‌ఆన్‌లోని 83వ సూరా ముతఫ్ఫిఫీన్ ఎవరిని హెచ్చరిస్తున్నదో గమనించండి: తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని. మచ్చు పేరిట తీసిన కాయలకు లెక్క ఉండదు. తరుగు పేరిట కోసిన కిలోలకు కారణం ఉండదు. అప్పు ఇచ్చిన ఏజెంటు చెప్పిన ధరకు, అప్పు తీసుకున్న కౌలు రైతు తలవంచవలసి వస్తుంది. పత్తిలోనూ ఇదే కథ. తేమ 8 శాతం మించితే భారత పత్తి సంస్థ ధర తగ్గిస్తుంది, 12 శాతం దాటితే కొనదు. ఆ భయాన్ని చూపి పల్లెలో చేతివాటంగా తేమ నిర్ణయించి కొనేవారున్నారు. ముందు వరుసలో నమాజు చేసినంత మాత్రాన ఈ సొమ్ము ధర్మబద్ధం కాజాలదు.

ఒకరి మోసం ఎంత దూరం పోతుందో చూడండి. 2003లో ఫ్రాన్సులో భారతీయ మిర్చి ఉత్పత్తులలో సూడాన్-1 అనే రంగు బయటపడింది. అది బట్టలకు, మైనానికి వాడే రంగు. ఐరోపా సమాఖ్య పరీక్షా పత్రాన్ని తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్ దుకాణాల నుండి వందలాది ఆహార పదార్థాలను వెనక్కి తీసుకున్నారు. రంగు కలిపినది కొందరే, అనుమానపు చూపు పడినది అందరి సరుకుపైన.

ఈ చూపు మన సముదాయానికి కొత్త కాదు. ఎక్కడో ఒకరు చేసిన తప్పును మనందరికీ అంటగట్టి, మన దుకాణాలను వెలివేయమనే పిలుపులు వింటూనే ఉన్నాము. ఆ అన్యాయాన్ని రాజ్యాంగబద్ధంగా ఎదిరించవలసిందే. మన నిజాయితీని రుజువు చేసుకుంటేనే హక్కులు దక్కుతాయన్న వాదనను నేను అంగీకరించను. హక్కు పౌరునిది, ప్రవర్తనకు బహుమతి కాదు. అమానత్ మాత్రం అల్లాహ్‌కు సమాధానం చెప్పవలసిన విషయం. తొడిమలు తీసే మన బస్తీల స్త్రీలకు కిలోల లెక్కన కూలి ఇచ్చే వ్యాపారి, వారి తూకంలో కోత పెడితే, ఏ ముఖంతో మైనారిటీ హక్కుల సభలో కూర్చుంటాడు?

అప్పును వ్రాతపూర్వకంగా ఉంచుకొమ్మని ఖుర్‌ఆన్ 2వ సూరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నది. కనుక ఇక్కడి వర్తక సోదరులకు నా విన్నపం: ఈ సీజను నుండే ప్రతి రైతుకూ తూకం, ధర, కోతలు విడివిడిగా వ్రాసిన తక్‌పట్టీ ఇవ్వండి. తొడిమల కూలీల కాటాకు కూడా తూనికలు, కొలతల శాఖ ముద్ర వేయించండి. దానిని ఆ స్త్రీలకు కనబడే చోట ఉంచండి.