షాకులు బరువు మోయవు

(మండల రైతు సంఘం సమావేశంలో సరుకు రవాణాపై జరిగిన చర్చలో, సొంత పికప్ నడుపుకునే టమాటా రైతు ఒకరు చేసిన ప్రసంగ పాఠం.)



గిట్టుబాటు ధర గురించి మాట్లాడటానికి నాకంటే తెలిసినవాళ్ళు వేదిక మీదే ఉన్నారు. నన్ను బండి గురించి చెప్పమన్నారు. మన మండలంలో పికప్ వెనక షాకబ్జర్లు అందరికంటే ఎక్కువసార్లు పోగొట్టుకున్నది నేనేనని అధ్యక్షులవారి లెక్క. మీరు నవ్వుతున్నారు గానీ, ఆ లెక్క నిజమే.

మా తోట నుంచి మదనపల్లె మార్కెట్టుకు ముప్పై కిలోమీటర్లు. ఇరవై ఆరు కిలోమీటర్లు తారు రోడ్డు, నాలుగు కిలోమీటర్లు బండిబాట. ఆ బాటలో రెండుసార్లు వంక దిగి ఎక్కాలి, ఒకచోట బండల మీద పాకాలి. షాకులు చచ్చేదీ, కాయ నలిగేదీ ఆ నాలుగు కిలోమీటర్లలోనే. పాట దగ్గర బాక్సు దించి చూసినప్పుడు రసం కారుతుంటే తరుగు తీస్తారు, లేదంటే ధర కోస్తారు. ఎక్కువ దెబ్బతినేవి ఏ బాక్సులో మీరెప్పుడైనా చూశారా? అడుగువి కాదు. వెనక తలుపు దగ్గర, అన్నిటికంటే పైన పేర్చినవి. అడుగువి బరువు కింద కదలవు. పైన ఉన్నవి గుంత గుంతకూ ఎగిరి పడతాయి. వాటిలో కాయకు కాయ కొట్టుకుంటుంది.

నాలుగేళ్ళ కిందట నా బండి వెనక బాగా కుంగిపోతుంటే కమాన్ కట్టల షెడ్డుకు తీసుకుపోయి, ఒక్కో పక్కకు రెండేసి పట్టీలు అదనంగా వేయించాను. షెడ్డు భాయ్ వద్దనే చెప్పాడు. వేయాల్సిందేనని పట్టుబట్టింది నేను. షాకులు మాత్రం పాతవే ఉంచాను. పట్టీలకే డబ్బు అయిపోయింది మరి.

ఇక్కడే మనందరికీ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. బండి కుంగితే షాకులు పోయాయంటాం. కుంగడానికి షాకులతో సంబంధం లేదు. బరువు మోసేది కమాన్ పట్టీ. షాకు చేసే పని వేరు. దాని లోపల నూనెలో ఒక పిస్టను ఉంటుంది, దానికి సన్నటి రంధ్రాలుంటాయి. పట్టీ అణిగి పైకి లేచేటప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి కష్టం మీద దూరాలి. ఆ కష్టంలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. షాకు లేకపోతే పట్టీ ఒక్క గుంతకు నాలుగుసార్లు ఊగుతుంది. పట్టీలు పెంచితే అవి లేచే బలమూ పెరుగుతుంది, దాన్ని ఆపాల్సిన షాకు మీద పనీ పెరుగుతుంది. నేను పట్టీలకు బలం పెంచి, వాటిని పట్టుకోవాల్సిన షాకులను ముసలివాటినే ఉంచాను.

నిండు బరువుతో పోయినప్పుడు బండి నిటారుగా నిలిచింది, సంతోషపడ్డాను. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు తెలిసింది. అంత గట్టి పట్టీలను అణచడానికి పైన బరువు లేదు. చిన్న రాయి తగిలినా వెనక చక్రాలు నేల వదిలేవి.

ఒకరోజు సాయంత్రం ఖాళీ బండిలో కోత కూలీలు ఎనిమిది మందిని ఎక్కించుకుని వస్తున్నాను. రెండో వంక దిగేటప్పుడు వెనక ఎగిరింది. వేగం ఏమీ లేదు, రెండో గేరులోనే ఉన్నాను. వరసకు నాకు అత్తయ్యే ఒకామె ఎగిరి పక్క రేకు మీద పడింది, మణికట్టు విరిగింది. కోత కాలం రెండు నెలలు ఆమె పనికి పోలేకపోయింది. ఆస్పత్రి ఖర్చు నేను పెట్టుకున్నాను. పోయిన కూలి మాత్రం మొత్తం ఇవ్వలేదు, సగమే ఇచ్చాను. ఆమె ఇక్కడే కూర్చుని ఉంది, దాచి లాభం లేదు.

ఇన్సూరెన్సు ఉంది కదా అని అప్పుడు కొందరన్నారు. తెలుసుకోండి. 1994లో మోటారు వాహనాల చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం, సరుకుతో పాటు సరుకు యజమాని గానీ, అతని తరఫు మనిషి గానీ బండిలో ఉంటే ఇన్సూరెన్సు వర్తిస్తుంది. ఊరికే ఎక్కించుకున్న వాళ్ళకు కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ బండిలో ఇంటికి వచ్చే కూలీకి ఏమైనా జరిగితే, ఆ భారం బండి యజమాని మీద పడుతుంది. యజమాని దగ్గర లేకపోతే కూలీ మీదే పడుతుంది. అంతకంటే కూలీలను ఆటోలో పంపి ఆ బాడుగ రైతు భరించడం చవక. ఆ రోజు నుంచి నేను అదే చేస్తున్నాను.

ఆ తర్వాత అదనపు పట్టీలు తీసేయించాను. వాటి వల్ల ఇంకో చేటు కూడా ఉందని అప్పుడే తెలిసింది. కొన్ని పికప్పుల్లో వెనక ఇరుసుకు ఒక కడ్డీ, దాని చివర ఒక వాల్వు ఉంటాయి. వెనక భాగం ఎంత దిగిందో దాన్నిబట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో ఆ వాల్వు చూసుకుంటుంది. పట్టీలతో వెనక ఎత్తు పెంచితే, నిండు బరువున్నా బండి ఖాళీ అనుకుని బ్రేకు తగ్గిస్తుంది. నేను అలా ఎన్నిసార్లు ఘాటు దిగానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక కొత్త షాకులు. మా అబ్బాయి ఫోనులో చూపించాడు, ఎడారి ఇసుకలో పికప్పులు గాలిలోకి లేస్తుంటాయి. వాటి షాకుల పక్కన ఇంకో డబ్బా వేలాడుతుంటుంది. ఎక్కువ నూనె పడుతుంది, త్వరగా వేడెక్కదు. మంచి వస్తువే, కాదనను. కానీ ఆ బండ్లలో బరువు లేదు, వేగం ఉంది. మనకు బరువు ఉంది, వేగం లేదు. అంత డబ్బు మనకు దండగ. మనకు కావాల్సింది గ్యాసు నింపిన మామూలు రెండు గొట్టాల షాకులు. ఉత్త నూనె షాకుల్లో గుంతల రోడ్డు మీద నూనె నురగ కట్టి పట్టు తప్పుతుంది. గ్యాసు ఒత్తిడి ఉంటే నురగ తగ్గుతుంది. ఒకే గొట్టం షాకులు ఇంకా బాగా పనిచేస్తాయి గానీ, బండరాయి తగిలి గొట్టం సొట్టపోతే లోపలి పిస్టను అక్కడే పట్టేస్తుంది. మా బాటకు అవి పనికిరావు, మీ బాట ఎలాంటిదో మీరు చూసుకోండి.

కొనే ముందు కొలవండి. జాకీ ఇరుసు కింద కాకుండా ఛాసిస్ కింద పెట్టి ఎత్తాలి, గట్టి స్టాండు పెట్టాకే కిందికి దూరాలి. చక్రాలు వేలాడుతున్నప్పుడు పై పిన్నుకూ కింది పిన్నుకూ మధ్య దూరం కొలవండి. షాకు పూర్తిగా సాగితే దానికంటే కాస్త పొడవుండాలి. పొట్టిదైతే ప్రతి గుంతలో ఇరుసు బరువంతా దానికే వేలాడి కన్ను తెగుతుంది. నావి రెండు జతలు అలాగే తెగాయి, కంపెనీని తిట్టుకున్నాను. అలాగే ఇరుసు పైకి లేచి రబ్బరు దిమ్మకు తగిలినప్పుడు కూడా షాకు ఇంకా కొంచెం ముడుచుకోగలగాలి. మార్చితే రెండు పక్కలా కలిపి మార్చండి. రబ్బరు బుష్షులూ కొత్తవి వేయండి. చాలాసార్లు టకటక శబ్దానికి కారణం షాకు కాదు, అరిగిన బుష్షు.

పాతవి పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి షెడ్డుకు పోనక్కర్లేదు. బండిబాట దాటగానే ఆపి, షాకు గొట్టానికి చెయ్యి దగ్గర పెట్టి చూడండి. సైలెన్సరు గొట్టం జాగ్రత్త. రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే పనిచేసినట్టు. ఒకటి చల్లగా ఉంటే అది చచ్చి చాలా రోజులైంది.

షాకులు మార్చాక పై బాక్సుల్లో దెబ్బ తగ్గింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే అసలు రోగం బరువు. నా బండి మోయాల్సింది 1.7 టన్నులు. బాక్సుతో కలిపి ముప్పై కిలోలనుకుంటే యాభై ఆరు బాక్సులు. మనం ఎన్ని వేస్తున్నాం? తొంభై. అంటే 2.7 టన్నులు. పట్టుబడితే 2019 సవరణ ప్రకారం ఇరవై వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో రెండు వేలు. అయినా ఎందుకు వేస్తున్నాం? బాడుగ బాక్సుకు ఇంత అని కట్టాం కాబట్టి. బాక్సు పెరిగితే బండివాడికి లాభం, కాయ నలిగితే రైతుకు నష్టం. నేను రెండూ కాబట్టి చెబుతున్నాను, బండివాడిగా సంపాదించింది రైతుగా పోగొట్టుకున్నాను.

అందుకే కార్యదర్శిగారి ముందు రెండు సంగతులు పెడుతున్నాను. మన సభ్యుల బండ్లకు బాడుగ బాక్సుకు కాకుండా ట్రిప్పుకు కట్టాలి, ఆర్సీలో ఉన్న బరువు దాటకూడదు. డీజిలు ఖర్చు పెరుగుతుంది, గొడవలూ వస్తాయి. నాలుగు వారాలు నా బండితో చేసి లెక్క పుస్తకం మీ ముందు పెడతాను. రెండోది బాట. ఉపాధి హామీ పనుల్లో పొలం బాటలు బాగుచేసుకున్న ఊళ్ళున్నాయి. మార్కెట్టు కమిటీలు లింకు రోడ్లు వేసిన రోజులున్నాయి. మన నాలుగు కిలోమీటర్ల మీద మాత్రం అర్జీ కూడా పడలేదు. ఆ రెండు వంకల దగ్గర సిమెంటు తూములు వేసి మట్టి తోలితే సగం షాకులు బతుకుతాయి. అర్జీ రాసి తెచ్చాను, సంతకాలు కావాలి. మొదటి సంతకం మా అత్తయ్య పెట్టింది, చెయ్యి నయమైన తర్వాత.

ఆదివారం పొద్దున బడి మైదానంలో నా బండి ఎత్తి పెడతాను. కొలతలు చూడాలనుకునేవాళ్ళు టేపు, మీ ఆర్సీ కాగితం తెచ్చుకోండి. షెడ్డు భాయ్ కూడా వస్తానన్నాడు.