కరువు సీమలో బతుకు ధర్మం

 

దుఃఖం, ఆత్మహత్య, జీవిత పరమార్థం గురించి ఆధ్యాత్మిక దృష్టితో మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఇంకెక్కడైనా ఇది శాస్త్ర చర్చ అవుతుందేమో. అనంతపురంలో అలా కాదు. సొంత ఇంట్లోనో, చుట్టాల్లోనో, పక్క వీధిలోనో ఇలా ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళు ఈ హాల్లో తప్పకుండా ఉంటారు. వాళ్ళ మనసు నొచ్చుకునే మాట నా నోట రాకూడదు. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోయినవాళ్ళ మీద తీర్పు చెప్పే పని ధర్మానిది కాదు. బతికున్నవాళ్ళ పక్కన నిలబడటమే దాని పని. మన గ్రంథాలూ, మన సీమ చరిత్రా నాకు నేర్పింది ఇదే.

ముందు కష్టం సంగతి చూద్దాం. "అంతా పూర్వజన్మ కర్మ" అనే మాట మనకు చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. కానీ మన కరువుకు కారణం భౌగోళిక స్థితిలో ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని మన దగ్గరికి తేలికై వస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి చిక్కిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని మన పేరు. ఎర్ర నేల, పలచని మట్టి. కొర్రలు, సజ్జలు, కందులు కలిపి వేసుకునే చేలల్లోకి చెనిక్కాయ ఒక్కటే వచ్చి కూర్చుంది. ఆ చెట్టుకు ఊడలు దిగే వేళ మూడు వారాలు వాన మొహం చాటేస్తే చాలు, ఆ ఏడు పోయినట్టే. పైకి చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కింద కాయ ఉండదు. నీళ్ళ కోసం అప్పు చేసి బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, ఇంకో బోరు. ఇందులో ఒక మనిషి చేసిన పాపం ఎక్కడుంది? మేఘం దారి, మార్కెట్ ధర, వడ్డీ లెక్క కలిసి చేసిన పనిని ఒక్క మనిషి నుదుటి మీద రాసేయడం ఆధ్యాత్మికత అనిపించుకోదు.

ఇక చావు సంగతి. ఈ నేల మీద చావుకు మొక్కిన గుర్తులు చాలా ఉన్నాయి. ఇక్కడికి దగ్గర్లోనే బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ముసలమ్మ గుడి ఉంది. చెరువు తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలికిందట. ఆ పిల్ల పసుపూ కుంకుమా పెట్టుకుని తానే నడిచి వెళ్ళిందట. సి.పి. బ్రౌన్ సేకరించిన అనంతపురం చరిత్రలోని ఆ కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే 1899లో 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. కదిరి దాటి వెళితే తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1434లో భర్త చితి మీద తిమ్మమ్మ సహగమనం చేసిందని, ఆ చితికి పాతిన గుంజే చిగురించి మానైందని నమ్మకం. అయిదెకరాలు దాటి పరుచుకున్న ఆ మాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది.

ఆ తల్లులకు నేనూ చేతులు జోడిస్తాను. జోడిస్తూనే ఒక ప్రశ్న అడగాలి. కట్ట తెగబోతున్నప్పుడు ఊరంతా తట్టా పారా పట్టాలి గదా, ఒక్క కోడలి ప్రాణమే ఎందుకు కావలసి వచ్చింది? సహగమనాన్ని 1829లో బెంగాల్లోనూ, మరుసటి ఏడు మద్రాసు రాజధానిలోనూ చట్టం నిషేధించింది. అంతకుముందు ఎన్ని తరాలు ఆ చావును పుణ్యమన్నాయో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. "నేనొక్కణ్ణి పోతే ఇంటిల్లిపాదీ ఒడ్డున పడతారు" అని ఈనాటి రైతు అనుకునే మాటకు ముసలమ్మ కథలో వేరు ఉంది. ఆ లెక్క తప్పు. 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చి, చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. ఆ కాగితం పట్టుకుని విచారణల చుట్టూ తిరిగింది భార్యలు. కౌలు రైతు ఇంట్లో చూపించడానికి పట్టాదారు పుస్తకమే లేదు. అప్పులాయన వాకిట్లోకి రావడం మానలేదు. మనిషి పోయాక ఆ ఇంట్లో కష్టం తగ్గలేదు, దాన్ని మోసే భుజం ఒకటి తగ్గింది.

మరి జైనులు ఉపవాసంతో ప్రాణం విడిచే సల్లేఖన మాటేమిటి అని అడిగేవాళ్ళుంటారు. గుంతకల్లు దగ్గర కొనకొండ్ల మన జిల్లా ఊరే. 'సమయసారం' చెప్పిన కుందకుందాచార్యుల ఊరు అదేనని జైనులు నమ్ముతారు. జైనుల సల్లేఖన వ్రతం మీద 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు నిషేధం విధించింది, ఆ నెలాఖరుకే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. చట్టం సంగతి అలా ఉంచి, ఆ వ్రతానికి వాళ్ళు పెట్టుకున్న నియమం చూడండి. పండు ముసలితనంలోనో, మందులేని జబ్బులోనో, గురువు అనుమతితో, అందరి దగ్గరా క్షమాపణ కోరి చేపట్టేది అది. అందులో చావు త్వరగా రావాలని కోరుకోవడం కూడా దోషమే. అప్పుల వాళ్ళ ఫోన్లకు భయపడి అర్ధరాత్రి ఒంటరిగా కుమిలిపోయే మనిషికీ దీనికీ పోలికే లేదు. అతను చావును కోరడం లేదు. బాధ ఆగాలని కోరుతున్నాడు. ఆ తేడా మనం గ్రహిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

శాస్త్రం ఏమంటుందంటారా? ఈశావాస్యోపనిషత్తు మూడో మంత్రంలో, ఆత్మను చంపుకునేవాళ్ళు చీకటి లోకాలకు పోతారని ఉంది. దాన్ని ఎత్తి చూపి, పోయినవాళ్ళు నరకంలో ఉన్నారని ఇంటివాళ్ళకు చెప్పేవాళ్ళను చూశాం. శంకరాచార్యులు అక్కడ రాసిన భాష్యం వేరు. ఆత్మ స్వరూపం తెలుసుకోకుండా బతికేసే వాళ్ళందరూ ఆ మాట కిందికి వస్తారని ఆయన అర్థం చెప్పారు. అంటే ఆ మంత్రం మనల్నీ అడుగుతోంది. అపమృత్యువు పాలైనవాళ్ళ కోసం మన పెద్దలు నారాయణబలి అనే కర్మను విధించారు. తలుపు మూసేయాలనుకుంటే ఆ విధి పెట్టేవాళ్ళా? ఇస్లాం ఆత్మహత్యను గట్టిగా నిషేధిస్తుంది. అయినా వాళ్ళ ధర్మశాస్త్ర పండితుల్లో ఎక్కువమంది అలా పోయినవారికి అంత్యక్రియల నమాజు చదవవచ్చనే అన్నారు. ఒకప్పుడు అలాంటివాళ్ళకు శ్మశానంలో చోటివ్వని కథోలిక సంఘం 1983 నాటి ధర్మశాస్త్రంలో ఆ ఆంక్షను వదిలేసింది. వాళ్ళ మోక్షం మీద ఆశ వదులుకోకూడదని 1992 నాటి సత్యోపదేశంలో రాసుకుంది. మూడు మతాలూ బతికున్నవాడికి "వద్దు నాయనా" అంటున్నాయి, పోయినవాడిని దేవుడి దయకు అప్పగిస్తున్నాయి. చట్టం కూడా అక్కడికే వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు.

ఇప్పుడు మీ అందరి ఇళ్ళలో ఉన్న పుస్తకం దగ్గరికి వస్తాను. కష్టం వస్తే మనం సుందరకాండ పారాయణ చేస్తాం. ఆ కాండలో ఇద్దరికి చావు తలపు వస్తుంది. మొదట వచ్చింది ఎవరికో కాదు, సాక్షాత్తూ హనుమంతుడికి. లంకంతా వెతికి సీత కనపడక, ఉత్త చేతులతో వెళితే రాముడు బతకడు, లక్ష్మణుడు బతకడు, భరతుడు, తల్లులు, సుగ్రీవుడు అంటూ ఒకరి వెనక ఒకరిని లెక్కపెట్టుకుంటూ పోతాడు. అవమానంలో ఉన్న మనసు ఇలాగే పరిగెడుతుంది. చివరికి తనంతట తానే ఆగి, బతికుంటే మంచి చూడొచ్చని నిశ్చయించుకుంటాడు. అప్పుడు అతని కంటికి అశోకవనం కనిపిస్తుంది. వెతకని చోటు ఇంకొకటి మిగిలే ఉంది.

తర్వాత ఆ తలపు సీతమ్మకు వస్తుంది. రావణుడు రెండు నెలల గడువు చెప్పి వెళ్ళాడు. చుట్టూ రాక్షస స్త్రీల బెదిరింపులు. ఇక చాలనుకుని ఆ తల్లి శింశుపా వృక్షం దగ్గరికి నడుస్తుంది. పైన కొమ్మల్లో ఉన్న హనుమంతుడు అంతా చూశాడు. తెల్లవారేలోగా ఓదార్చకపోతే ఈమె దక్కదని తెలుసుకున్నాడు. ఇక్కడ వాల్మీకి చాలా సేపు ఆగుతాడు. హనుమంతుడు తనలో తాను తర్కించుకుంటాడు. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడనుకుని బెదిరిపోతుంది, మామూలు మనుషుల మాటలోనే మాట్లాడాలి అని నిర్ణయించుకుంటాడు. ధర్మం చెప్పలేదు, తప్పమ్మా అనలేదు, కర్మ ఊసెత్తలేదు. ఆమెకు ఇష్టమైన మనిషి కథ మెల్లగా మొదలుపెట్టాడు. ఆమె తలెత్తి చూసేదాకా చెప్పాడు. ఆమె భయం తీరేదాకా ఓపిగ్గా మాట్లాడాడు. ఆ తర్వాతే ఉంగరం ఇచ్చాడు. మనిషి బతికుంటే నూరేళ్ళకైనా ఆనందం వెతుక్కుంటూ వస్తుందనే లోకోక్తి నిజమేనని అంతకుముందు చావబోయిన సీతమ్మ నోటితోనే అనిపించాడు కవి.

పారాయణ ఫలం ఇదీ. వేళకు వెళ్ళడం, ఎదుటివాడి భాషలో మాట్లాడటం, ముందు వినడం, అతను ప్రేమించేవాళ్ళను గుర్తు చేయడం.

జీవిత పరమార్థం కూడా ఇక్కడే తెలుస్తుందని నా నమ్మకం. నాజీల మృత్యు శిబిరాల్లో బతికి బయటపడ్డ వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్, శిబిరంలో బతుకు మీద ఆశ వదులుకున్న ఇద్దరి గురించి రాశాడు. జీవితం నుంచి మాకింకేమీ రాదని వాళ్ళన్నారు. జీవితం మీ నుంచి ఏం కోరుతోందని ఆయన వాళ్ళను ఆలోచింపజేశాడు. ఒకరి కోసం పరాయి దేశంలో బిడ్డ ఎదురుచూస్తున్నాడు. ఇంకొకరు రాయాల్సిన శాస్త్ర గ్రంథాలు సగంలో ఉన్నాయి. పరమార్థమంటే ఆకాశంలో దొరికేది కాదని ఆ ఇద్దరికీ తెలిసింది. మన కోసం చూసే ఒక మొహం, మన చేతి కోసం ఆగిన ఒక పని చాలు. అప్పుల్లో మునిగిన మనిషికి ఆ మొహం కనిపించదు. చూపించాల్సింది పక్కనున్నవాళ్ళు.

ఈ సీమ ముసలమ్మ పాటే కాదు, బుడ్డా వెంగళరెడ్డి పాట కూడా పాడుకుంది. 1866 కరువులో ఉయ్యాలవాడలో వేలమందికి అన్నం పెట్టిన మనిషి ఆయన. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, 2009లో కన్నుమూసేదాకా ఈ ఊళ్ళలోనే పేదల కోసం పనిచేశాడు. కరువుకు ధర్మం ఇచ్చిన జవాబులు ఇవి. మన పిల్లలకు చెప్పాల్సిన కథలు కూడా ఇవే.

చివరిగా మీ అందరికీ నా విన్నపం. ఊళ్ళో ఒక మనిషి టీ అంగడికి రావడం మానేస్తే, చుట్టాల పెళ్ళికి కూడా పోకుండా ముడుచుకుంటే, ఫోన్ ఆపేసుకుంటే, ఉన్నట్టుండి అప్పగింతల మాటలు మాట్లాడితే, ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే గుండె బరువు దిగుతుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. పురుగుమందులు ఇంట్లో పెట్టుకోకండి. ప్రమాదకరమైన మందులను నిషేధించిన శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి. అప్పు గురించి బ్యాంకుకో, అప్పులాయన దగ్గరికో మాట్లాడటానికి పోయేటప్పుడు తోడు వెళ్ళండి. భర్త పోయిన అమ్మను శుభకార్యాలకు పిలవండి, ఆ పిల్లల చదువు ఊరు చూసుకోవాలి. పూజారులు, ఇమాములు, పాస్టర్లు ఆ ఇంటి గడప తొక్కి ఆ ఇంటికి ఏ శాపమూ లేదని తమ నోటితో చెప్పాలి.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా ఆ తలపు ఉంటే, నాయనా, తల్లీ, ఈ రాత్రికి ఒక్కరితో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు. ప్రభుత్వం నడుపుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. ఆ నంబరు ఇప్పుడే మీ ఫోన్లో రాసుకోండి. మీకు అక్కర్లేకపోయినా, మీ ఊళ్ళో ఇంకొకరికి అవసరం పడుతుంది.