ఏరువాక పాటలోని నర్తకి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవ సభలో నన్ను మాట్లాడుమని కార్యవర్గము వారు కోరినప్పుడు, నేను శ్రీనాథుని గూర్చియో, కొండవీటి రెడ్డిరాజులను గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. ఏటేటా నేను చెప్పునది అదియే గనుక వారి ఊహలో తప్పు లేదు. ఈసారి మాత్రము ఒక సినిమా నటిని గూర్చి చెప్పదలచినాను. గ్రంథాలయ సభలో సినిమా ఏమిటని ముందు వరుసలోని పెద్దలు అప్పుడే ఒకరి ముఖము ఒకరు చూచుకొనుచున్నారు. కొంచెము ఓపిక పట్టవలెనని ప్రార్థన. కొండవీడు ఎక్కడికిని పోదు. నా ప్రసంగములోనికి కూడ అది రాకమానదు.

1955వ సంవత్సరములో ‘రోజులు మారాయి’ అను చిత్రము వచ్చినది. సారథి వారు తీసినారు. తాపీ చాణక్యగారు దర్శకులు. అక్కినేని నాగేశ్వరరావుగారు, షావుకారు జానకిగారు నాయికా నాయకులు. భూమి కొరకు రైతు పడు పాట్లు దానికి కథావస్తువు. అందులో ఏరువాక పాట యొకటి యున్నది. వ్రాసినవారు మన బాపట్ల దగ్గరి అప్పికట్ల వాస్తవ్యులు కొసరాజు రాఘవయ్యచౌదరిగారు, వరుస కట్టినవారు మాస్టర్ వేణుగారు, పాడినవారు జిక్కిగారు. ఆ చిత్రము వచ్చునాటికి నేను పుట్టలేదు. మా పెద్దలు చెప్పగా విన్నది, ఆ ఒక్క పాట కొరకే మరునాడు మరల టిక్కెట్టు కొన్నవారు మన ఊరిలో ఉన్నారట. ఎడ్ల పేరు పెట్టుకొన్న ఊరివారికి ఏరువాక పాట నచ్చుటలో వింత ఏమున్నది! ఆ వరుస మన పొలములలోనే ఆగలేదు. అయిదేండ్లకు ‘బొంబాయి కా బాబు’ అను హిందీ చిత్రములో సచిన్ దేవ్ బర్మన్ గారి సంగీతములో మరల వినబడినది.

ఆ పాటకు నర్తించిన పదునేడేండ్ల బాలికయే వహీదా రెహమాన్ గారు. చిత్రములో ఆమెకు ఆ నృత్యము తప్ప వేరు పాత్ర లేదు.

ఆమె హైదరాబాదులో జన్మించినారని కొన్ని చోట్ల వ్రాసినారు. అది సరి కాదు. గ్రామ లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక ఇట్టి పొరపాటు కంటబడిన దిద్దక ఉండలేను. 1938 ఫిబ్రవరి 3వ తేదీన చెంగల్పట్టులో, దక్కనీ ముస్లిము కుటుంబమున, నలుగురు ఆడపిల్లలలో కడగొట్టుగా ఆమె పుట్టినారు. తండ్రిగారు ప్రభుత్వమున జిల్లాస్థాయి అధికారి. ఉద్యోగరీత్యా ఆ కుటుంబము విశాఖపట్నమునకు వచ్చినది. ఆమె చదువు కొంత అచ్చటి కాన్వెంటులో సాగినది.

నాట్యము నేర్చుకొనవలెనన్న కోరిక పిల్లలది. అడ్డు చెప్పనిది తండ్రి. గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు విశాఖపట్నము వచ్చినప్పుడు అక్కచెల్లెండ్రు ఆయన యెదుట నర్తించినారట. మదరాసులో తిరుచెందూరు మీనాక్షీసుందరం పిళ్ళైగారి కడకు శిష్యరికమునకు పోగా, వృద్ధులైన ఆ గురువుగారు మొదట ఒప్పుకొనలేదు. పట్టు విడువకపోగా, అయితే జాతకము తెమ్మన్నారు. ముస్లిముల ఇంట జాతకము ఎక్కడిది? పుట్టిన దినము, వేళ అడిగి తెలిసికొని, తామే చక్రము వేసి చూచి, ఈ బిడ్డ నా కడపటి శిష్యురాలు, ఉత్తమ శిష్యురాలు అగునని చెప్పి చేర్చుకొన్నారట. ఇది ఆమె స్వయముగా చెప్పుకొన్న ముచ్చట. గురువుగారికి జాతకము మీద ఎంత నమ్మకమో నాకు తెలియదు గాని, ముందు కాదన్న మాటను మర్యాద చెడకుండ వెనుకకు తీసికొనుటకు ఆయనకు అదియొక మంచి దారి అయియుండునని నా అనుమానము.

ఇంతలో తండ్రిగారు కాలము చేసినారు. కుటుంబమునకు ఆధారము తగ్గినది. ఆ స్థితిలో వచ్చినది ‘రోజులు మారాయి’. అదే సంవత్సరము రామారావుగారి సరసన ‘జయసింహ’లో నటించినారు.

తరువాతి కథకు ఒక గేదె కారణము. గురుదత్ గారు బొంబాయి నుండి హైదరాబాదునకు మన ‘మిస్సమ్మ’ను చూచుటకు కారులో వచ్చుచుండగా, త్రోవలో గేదె అడ్డము వచ్చి కారు దెబ్బతిన్నదనియు, అందువలన ఆగవలసి వచ్చినదనియు ఆయన రచయిత అబ్రార్ అల్వీ చెప్పినారు. అట్లు ఆగినప్పుడు వీధిలో ఒక కారు చుట్టు జనము మూగుట చూచి, ఎవరని అడుగగా, ఏరువాక పాటలో ఆడిన అమ్మాయి అని చెప్పినారట. కొలది మాసములలో ఆమెకు బొంబాయి నుండి పిలుపు వచ్చినది.

ఇక్కడ నేను కొంచెము నిలిచి చెప్పవలెను. దస్తావేజులు చదువుట నా పని. అప్పులపాలైన వాడు పత్రములో ఏమున్నదో చూడక వ్రేలిముద్ర వేయుట ఎన్నిసార్లు చూచినానో లెక్కలేదు. అవసరము గలవాని చేయి తొందరపడును. ఈ బాలికకును అవసరమున్నది. తండ్రి లేడు, తల్లి ప్రక్కన కూర్చున్నది, ఊరు కొత్త, ఎదుట కూర్చున్నవారు పేరుమోసినవారు. ‘సి.ఐ.డి.’ చిత్రమునకు దర్శకులైన రాజ్ ఖోస్లాగారు, పేరు మార్చుకొనుమని అడిగినారు. దిలీప్ కుమార్, మీనాకుమారి, మధుబాల అందరును మార్చుకొన్నవారే గదా అన్నారు. మా తలిదండ్రులు పెట్టిన పేరు నేను మార్చుకొనను అని ఆమె చెప్పినారు. అంతటితో ఆగలేదు. నాకు నచ్చని దుస్తులు నేను ధరింపను, ఈ షరతు ఒప్పందములో వ్రాయుడు అన్నారు. వారికి ఆశ్చర్యము కలిగినది. కోపము కూడ కలిగియుండును. కాని వ్రాసినారు. ‘సి.ఐ.డి.’లోని ఒక పాట తీయునప్పుడు తమకిచ్చిన రవిక తమకు సమ్మతము కాదని ఆమె చెప్పగా వాదము వచ్చినది. అప్పుడు ఆ షరతే అక్కరకు వచ్చినది.

అయ్యా, ఆమె తరువాత పొందిన పురస్కారములన్నింటి కంటె ఈ ఒక్క షరతు నాకు గొప్పదిగా తోచును. పురస్కారము ఒకరు ఇచ్చునది, షరతు తాను పెట్టుకొన్నది.

1956లో ‘సి.ఐ.డి.’, 1957లో ‘ప్యాసా’ వచ్చినవి. ‘ప్యాసా’లో ఆమెది గులాబో అను వేశ్య పాత్ర. లోకము త్రోసివేసిన కవి యొక్క కవితను ఆదరించి, అచ్చువేయించునది ఆమెయే. పుస్తకముల మధ్య కూర్చున్న మనము ఆ పాత్రకు ప్రత్యేకముగా నమస్కరింపవలెను. ‘కాగజ్ కే ఫూల్’, ‘చౌద్వీఁ కా చాంద్’, ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ ఆ తరువాతివి. 1962లో సత్యజిత్ రాయ్ గారి ‘అభిజాన్’ అను వంగ చిత్రములోను నటించినారు. 1964 అక్టోబరులో గురుదత్ గారు మరణించినారు. వారిరువురిని గూర్చి పత్రికలు వ్రాసిన వ్రాతలు ఎన్నియో కలవు. వానితో మనకు పని లేదు.

1965లో ‘గైడ్’. ఆర్.కె. నారాయణ్ గారి నవల మన అలమారులో ఉన్నదో లేదో గ్రంథపాలకులు చూడగలరు, లేకున్న తెప్పింపవలెను. నాయిక రోజీ దేవదాసి కుమార్తె. శిలలను, శిథిలములను శోధించు పండితుడు ఆమెను పెండ్లాడి, గౌరవమైన ఇల్లిచ్చి, నాట్యము మాత్రము వలదన్నాడు. శిల్పములోని నర్తకిని భూతద్దముతో చూచి ఆనందించువాడు ఇంటిలోని నర్తకి కాలికి గజ్జె కట్టనీయడు. భర్తను విడిచివచ్చిన స్త్రీ పాత్ర వేసిన నీ పేరు పోవునని పలువురు ఆమెను వారించినారట. ఆమె వేసినారు. పాములవాండ్ర నడుమ ఆమె చేసిన నృత్యము చూచినవారికి, ఇన్నేండ్లు కాళ్ళలో బంధించి ఉంచినది ఒక్కసారి వెలికి వచ్చినట్లుండును. ఉత్తమనటిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి వచ్చినది.

ఇప్పుడు కొండవీడు. కుమారగిరిరెడ్డి సభలో లకుమ అను నర్తకి యుండెను. ఆ రాజు ‘వసంతరాజీయము’ అను నాట్యశాస్త్ర గ్రంథము రచించెననియు, లకుమాదేవి ఆ సభలో అభినయించెననియు కాటయవేముడు కాళిదాస నాటకములకు వ్రాసిన వ్యాఖ్యానము వలన తెలియుచున్నది. రాజు వ్రాసిన శాస్త్రగ్రంథము మనకు దొరకలేదు. నర్తకి పేరు ఆరు వందల యేండ్ల తరువాత కూడ నిలిచినది. మన ఊరి నుండి చూడగానే కనబడు ఆ కొండ మీద ఒకనాడు నాట్యము విద్యగా మన్నన పొందినది. ఆ తరువాత ఎన్ని మార్పులు వచ్చినవో, నాట్యమును కన్నులార చూచి, ఆడినదానిని గడపలోనికి రానీయని ఆచారము ఎట్లు స్థిరపడినదో చెప్పుటకు ఇది సమయము కాదు.

దీనిని ఇంతగా ఎందులకు చెప్పుచున్నాననగా, ఈనాటి కార్యక్రమ పత్రము అచ్చుకు పోవుటకు ముందు, ఇందులో పాఠశాల బాలికల నృత్యము ఉండవచ్చునా అని పదిరోజులు చర్చ జరిగినది మీలో పలువురికి తెలియును. వలదన్నవారు చెడ్డవారు కారు. గ్రంథాలయము సరస్వతీ నిలయము, ఇచ్చట ఆటలేల అని కొందరన్నారు. సరస్వతి చేతిలో ఉన్నది వీణ అని వారికి గుర్తుచేసిన సరిపోవును. కాని ఒక తండ్రి లేచి, ఇందరి యెదుట ఆడిన పిల్లకు రేపు సంబంధములెట్లు వచ్చును అని అడిగినాడు. ఈ ప్రశ్నకు నవ్వి ఊరకుండుట తగదు. అది ఆడపిల్లను కన్నవాని భయము. చూచువాని కన్ను చెడ్డదైనచో శిక్ష ఆడుపిల్లకు పడుట న్యాయమా అని నేను తిరిగి అడిగినాను. న్యాయము కాదని ఆయనయు ఒప్పుకొన్నాడు. కాని న్యాయము వేరు, ఊరు వేరు అన్నాడు. దానికి నా కడ సమాధానము లేకపోయినది.

అప్పుడు నాకు వహీదాగారి షరతు జ్ఞప్తికి వచ్చినది. కార్యవర్గము అనుమతితో నేను మూడు వాక్యములు తీర్మానముల పుస్తకములో వ్రాసినాను. దుస్తులను పిల్లయు తల్లియు కలిసి నిర్ణయింతురు. తల్లులు వేదిక ప్రక్కనే కూర్చుందురు. ఏ పిల్లయైనను చివరి క్షణమున వలదన్న, కారణము అడుగువారు ఉండరు. ఆ తండ్రి రెండుసార్లు చదివించుకొని సంతకము చేసినాడు.

‘గైడ్’ తరువాతి సంవత్సరము ‘తీస్రీ కసమ్’ వచ్చినది. ఎడ్లబండి తోలుకొను హీరామన్ అను అమాయకుడు, జాతరలో ఆడు హీరాబాయి అను నర్తకిని తన బండిలో తీసికొనిపోవును. త్రోవ పొడవున ఆమె అతనికి దేవతవలె కనబడును. జాతరలో ఆమెను గూర్చి జనము అను మాటలు విని అతడు కొట్లాటకు దిగును. బండివాని వేషము రాజ్ కపూర్ గారిది, నర్తకి వేషము వహీదాగారిది. చిత్రమునకు రాష్ట్రపతి స్వర్ణపతకము వచ్చినది, డబ్బు మాత్రము రాలేదు. నిర్మాత, కవి యైన శైలేంద్రగారు ఆ యేడే డిసెంబరులో మరణించినారు. మన బండ్లవారి ఊరిలో ఒకసారి ఈ చిత్రము ప్రదర్శింపవలెనని నా కోరిక.

ఆపైని సంగతులు త్వరగా చెప్పెదను. 1971 నాటి ‘రేష్మా ఔర్ షేరా’కు ఉత్తమనటిగా జాతీయ పురస్కారము; 1972లో పద్మశ్రీ; 1974లో నటుడు కమల్‌జీత్ గారితో వివాహము, ఆపైన బెంగుళూరు వద్ద వ్యవసాయక్షేత్రములో నివాసము. 1976లో ‘కభీ కభీ’లో అమితాబ్ బచ్చన్ గారికి భార్యగా నటించి, 1978లో ‘త్రిశూల్’లో తల్లిగా నటించినారు. రెండేండ్లలో నటుని వయస్సు రెండేండ్లు పెరిగినది, నటి వయస్సు ఒక తరము పెరిగినది! సినిమా వారి లెక్కలు నాకు అర్థము కావు. 2000లో భర్త గతించిన పిమ్మట ఆమె మరల బొంబాయికి వచ్చి నటించినారు. అడవులలో తిరిగి మృగములను, పక్షులను ఛాయాచిత్రములు తీయుట నేర్చినారు. తెలుగును పూర్తిగా విడువలేదు. 1986లో కృష్ణగారి ‘సింహాసనం’లోను, 2006లో ‘చుక్కల్లో చంద్రుడు’లోను కనబడినారు. 2011లో పద్మభూషణ్. 2021 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును 2023 అక్టోబరు 17న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారి చేతుల మీదుగా స్వీకరించినారు. ఆనాటికి ఆమె వయస్సు ఎనుబదియైదు. పేరు మాత్రము తలిదండ్రులు పెట్టినదే.

నాకిచ్చిన సమయము ఎప్పుడో దాటినది. తెర వెనుక గజ్జెల చప్పుడు వినబడుచున్నది, తల్లులు వచ్చి కూర్చున్నారు. వచ్చిన ఏడుగురు బాలికలలో ఒకతె ఆడనన్నదట; తీర్మానము ప్రకారము కారణము ఎవరును అడుగలేదు. ఆరుగురు సిద్ధముగా ఉన్నారు. వారికి అడ్డు తొలగుచున్నాను.