పిల్లలకు నీటిచక్రము చెప్పుట ఎట్లు?
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము పెద్దల చేతికి పుస్తకము నందించినది. ఆ పెద్దలు తమ పిల్లలకేమి అందించుచున్నారన్నది నేడు ఆలోచింపవలసిన విషయము. "వాన ఎక్కడినుండి వచ్చును?" అని ఐదేండ్ల బిడ్డ అడిగినచో "పెద్దవాడవైన తరువాత తెలియునులే" యని దాటవేయుట మనకు అలవాటు. ఆ ప్రశ్నకు సమాధానము మన వంటింటిలోనే కలదు.

అన్నము ఉడుకునప్పుడు మూత తీసి బిడ్డకు చూపుడు. లోపలివైపున నీటిబొట్లు వ్రేలాడుచుండును. గిన్నెలోని నీరు ఆవిరియై లేచి, తనకన్న చల్లనైన మూతకు తగిలి, మరల నీరైనది. మేఘము పుట్టు విధమును ఇట్టిదే. ఎండకు సముద్రము, చెరువు, తడినేల ఆవిరిని విడుచును. అది పైకి పోయి చల్లబడి, గాలిలోని సన్నని ధూళికణములపై బిందువులుగా పేరుకొనును. అవి కలిసి బరువెక్కినప్పుడు వాన కురియును.

ఇందొక మెలకువ అవసరము. గిన్నెపై తెల్లగా కనబడునది ఆవిరి కాదు; అప్పటికే చల్లబడిన నీటితుంపరలు. నిజమైన ఆవిరి కంటికి కానరాదు. నీరు ఆవిరియగుటకు మరుగనక్కరయు లేదు. ఆరవేసిన చీరను చూపినచో బిడ్డ ఈ రెండు సంగతులను గ్రహించును.

"సముద్రము ఉప్పన గదా, వాన ఏల ఉప్పగా లేదు?" అని తెలివిగల బిడ్డ తప్పక అడుగును. పళ్లెములో ఉప్పునీరు పోసి ఎండలో నుంచుడు. నీరు పోవును, ఉప్పు మిగులును. భూమిపైగల నీటిలో నూటికి 97 పాళ్లు సముద్రమునందే యున్నవి. సూర్యుడు ఆ ఉప్పును అచ్చటనే విడిచి మంచినీటిని మాత్రము మనకు పంపుచున్నాడు.

ఇంతవరకు పాఠ్యపుస్తకములోని బొమ్మయు చెప్పును. సముద్రము, మేఘము, కొండ, నది, తిరిగి సముద్రము. బొమ్మ తప్పు కాదు. కాని దానిని చూచిన బిడ్డ, ఎంత వాడినను నీరు తిరిగి వచ్చునని తలచును. చక్రము తిరుగుట నిజమే. అది మన ఊరిలోనే, మన కాలముననే ఆగవలెనన్న నియమము లేదు. గాలిలోని ఆవిరి సగటున తొమ్మిది పది దినములలో వానయై దిగును. లోతైన భూగర్భజలము కొన్నిచోట్ల వేల ఏండ్లనాటిది. తెలంగాణ, రాయలసీమలలో అధికభాగము నేలక్రింద గట్టిరాయి. నీరు నిలుచునది దాని పగుళ్లలోనే. వాన అందులోనికి మెల్లగా దిగును. బోరు దానిని వడిగా తోడును.

దీనిని చూపుటకు అడుగున చిల్లులుగల డబ్బాలు రెండు చాలును. ఒకదానిలో ఇసుకయు, రెండవదానిలో అదిమిన బంకమన్నును నింపి, చెరొక గ్లాసు నీరు పోయుడు. ఇసుకలో నీరు దిగును. బంకమన్నుపై నిలిచి పొర్లిపోవును. పారు నీటిని నిలిపి, నేలకు త్రాగుటకు వ్యవధి నిచ్చునదియే చెరువు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను అది వివరించుచున్నది. వేయిమంది కూలీలు రెండేండ్లు శ్రమించి ఆ చెరువును కట్టిరనియు తెలుపుచున్నది. నీటిచక్రమును తమ ఊరిలో కొంతసేపు ఆపుటకు మన పూర్వులు పడిన పాటు అది.

కొంచెము పెద్ద పిల్లలకు లెక్క చెప్పుడు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల డాబాపై 10 మిల్లీమీటర్లు కురిసినచో 1000 లీటర్లు. ఆ నీరు ఇంకుడుగుంటకు పోయినదో, వీధికాలువకు పోయినదో వారినే చూచి రమ్మనుడు.

చివరకు ఒక విన్నపము. వచ్చు జూన్ మాసము నుండి గ్రంథాలయ ఆవరణలో, చెట్టుక్రింద గాక ఆరుబయట, నిలువు గోడలుగల పాత్ర నొకటి ఉంచుదము. వాన పడిన ప్రతి దినము పిల్లలు స్కేలుతో కొలిచి నోటుపుస్తకమున వ్రాయుదురు గాక. ప్రక్కనే ఊరిబావి నీటిమట్టమును నమోదు చేయుదురు గాక. పదియేండ్లు నిండినచో అది మన గ్రంథాలయమున ఏ ప్రచురణకర్తయు అచ్చువేయజాలని పుస్తకమగును. దానిని వ్రాసిన పిల్లలే అప్పటికి ఈ ఊరి చెరువుగట్టును కాపాడవలసిన పెద్దలగుదురు.